ఏ షిఫ్టు?

చౌరస్తాల పాత పుస్తకాల బండి మీద
అట్ట లేని డిక్షనరీ దొరికింది, నలభై రూపాయలకు.
మొదటి పేజీ మీద ఎవలో చాయ గ్లాసు పెట్టిన గుండ్రటి మరక.
నేను వెతికింది వేరే మాట.
గాలికి పేజీలు తిరిగి తిరిగి
షిఫ్టు కాడ ఆగినయి.

మా ఇంట్ల అది ఇంగ్లీషు మాట కాదు.
అన్నం, ఉప్పు, షిఫ్టు:
నాకు మాటలొచ్చిన వరుస గదే అంటది అవ్వ.
ఆజంజాహి మిల్లు కూత పెడితే
మా వాడ కుక్కలు సుత లేచి నిలబడేటియి.
ఒక వారం పొద్దుగాల పోయే నాయిన,
ఒక వారం పగటీలి నాయిన,
ఒక వారం రాత్రి నాయిన.
ముగ్గురు నాయినలు నాకు,
ముగ్గురి తల మీదా దూదిపొట్టే.
రాత్రి నాయిన పగలు పండుకుంటే
అన్నా నేనూ గుసగుసల్లనే కొట్లాడుకునేటోళ్లం.

వెయ్యేండ్ల కింద ఆ దేశంల
ఈ మాటకు పంచుడు అని అర్థమట.
ఎవని పాలు వానికి తీసిపెట్టుడు.
చదివితే నవ్వొచ్చింది, గంత దూరం ఎందుకు?
బోరింగు కాడ బిందె జరుపుకుంట
సాంబలచ్చిమి చిన్నమ్మ ఒర్రేది, నా వంతు, నా వంతు అని.
యాటను కోసిన నాడు
మోదుగాకుల మీద పోగులేసి
తాత అడిగేటోడు, ఇది ఎవల వంతు అని.
పాలూ అదే, తడవా అదే.
ఒకల మొఖం ఒకలు చూడని రెండు భాషలు
ఒక్క తీరుగ ఆలోచించినయి.

తర్వాత అది బట్ట మార్చుకునుడు అయింది.
ఇంకొన్నాళ్లకు మార్చుకునే బట్టనే అయింది,
ఆడోళ్లు లోపల తొడిగే పల్చటి నూలు అంగీ.
ఇక్కడ పేజీ తిప్పబుద్ధి కాలే.
షిఫ్టుల నిలబడి నాయిన నేసిన తాన్లు
ఏ ఊరి ఆడోళ్ల ఒంటి మీద మెత్తబడ్డయో.
అవ్వకు మాత్రం ఏడాదికో లంగ గుడ్డ,
అంచు తెగింది, లెక్కల రానిది.

చిన్న అక్షరాలల్ల ఇంకో అర్థం:
ఉపాయం. జిత్తు. ఉన్నదానితోని పని గడుపుడు.
మన తాన దాన్ని ఎల్లదీసుడు అంటరు.
మిల్లు మూసినంక
మా ఇంట్ల ఈ అర్థమే కాపురం పెట్టింది.
అవ్వ చాటల తునికాకు,
నాయిన సైకిలు మీద అప్పడాల సంచి,
ఆ తర్వాత ఏటీఎం ముందట ప్లాస్టిక్ కుర్చీ.
కూత బందయినా ఏడాది దాక
ఆరు కొట్టంగనె లేచి కాళ్లు కడుక్కునేటోడు,
కడుక్కోని, ఎటు పోవాల్నో తెల్వక
గడప మీద కూసునేటోడు.

నేను హన్మకొండల డీటీపీ షాపుల పని చేస్త.
షిఫ్టు ఒత్తి కొడితే క పోయి ఖ వస్తది.
అవ్వ నోట్ల ఖ లేదు,
మిల్లు కాళీ అయింది బిడ్డా అన్నది ఆనాడు.
పోయినేడు ఒక ఫ్లెక్సీకి కొట్టిన,
‘కొన్ని ప్లాట్లు మాత్రమే ఖాళీ’ అని.
ఏ జాగనో తెలుసు.
చిటికెన వేలుతోనే ఒత్తిన,
అది పెద్ద బరువేం ఉండది.

మొన్న ఎంజీఎంల సిస్టరు వచ్చి
కొమురెల్లి ఎవరు, పై వార్డుకు షిఫ్టు చెయ్యాలె అన్నది.
రెండు దినాల సంది మాట లేని మనిషి
కండ్లు తెరిచిండు.
మంచం పక్కపొంటి చెయ్యి తడిమిండు,
టిఫిను డబ్బ కోసం.
ఏ షిఫ్టు అన్నడు. నైటా?

అవును నాయినా అన్న.

మరి లేపకపోతివి అని కోపం చేసిండు.

అవ్వ ఏమనలే.
వంగి ఆయన తల మీది దూదిపొట్టు దులిపింది,
ఇరువై ఏండ్ల సంది లేనిదాన్ని.